నక్కతోక తొక్కితే పదిహేను జవాబులు రావు

టీవీ క్విజ్ షోల గురించి మనవాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. చదువుకున్నవాళ్లలో మరీ ఎక్కువ. హాట్ సీట్‌లో కూర్చుని పాతిక లక్షలు గెలిచిన మనిషిని చూసి "నక్కతోక తొక్కాడు" అనేసి ఛానల్ మార్చేస్తారు.

వాళ్ల వాదనను వక్రీకరించకుండా ముందు చెప్పుకుందాం. నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటే అది జ్ఞానం కాదు, అదృష్టం. రాజధానులు, నదులు, తొలి మహిళలు, ఆస్కార్లు ఇవన్నీ పొంతన లేని బిట్లు. బట్టీ పట్టినంత మాత్రాన మనిషికి ఆలోచన రాదు. పైగా అన్నీ ఫోనులో దొరికే కాలంలో వాటిని తలలో మోయడం దండగ. ఇక గంటలో కోటి రూపాయలు ఆశ చూపడమంటే జూదమే, కాకపోతే కాస్త మర్యాదైన జూదం. చివరి మాట, టీవీ కాబట్టి అంతా ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఈ ఐదింటిలో ప్రతిదానిలోనూ కాస్త నిజం ఉంది. అందుకే ఇన్నేళ్లు నిలబడ్డాయి. కానీ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అదృష్టమే అయితే బట్టీ దేనికి? బట్టీ పడితే వచ్చేదైతే అది జూదమెలా అవుతుంది? ముందే రాసిపెట్టినదైతే ఇక అదృష్టం మాటెందుకు? ఒక ఆరోపణ నిజమైతే పక్కది అబద్ధం కావాలి. అయినా ఒకే మనిషి ఒకే పూట ఈ ఐదూ అనగలడు. ఒక్కొక్కటిగా చూద్దాం.

1. అదృష్టం సంగతి

లెక్క వేస్తే తేలిపోయే విషయం ఇది. పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ఏమీ తెలియనివాడు కళ్లు మూసుకుని అన్నిటికీ ఏదో ఒకటి లాక్ చేయించుకుంటూ పోతే అన్నీ సరిపోయే అవకాశం 107 కోట్లలో ఒకటి. రెండు తప్పు ఆప్షన్లు తీసేసే ఫిఫ్టీ-ఫిఫ్టీ వాడుకున్నాడనుకుందాం, అప్పుడు 53 కోట్లకు పైచిలుకులో ఒకటి. దేశంలోని ప్రతి ప్రాణినీ, చంటిపిల్లలతో సహా, ఆ కుర్చీలో కూర్చోబెట్టినా గుడ్డిదెబ్బతో కోటి కొట్టేది ఇద్దరో ముగ్గురో. అసలు కుర్చీ దాకా రావాలన్నా ఫాస్టెస్ట్ ఫింగర్ దాటాలి. నాలుగు అంశాలను సరైన వరుసలో పెట్టడానికి 24 దారులున్నాయి, ఒక్కటే ఒప్పు. అదీ పక్కనున్నవాళ్లందరికంటే ముందు నొక్కాలి.

అదృష్టం బొత్తిగా లేదనను. క్రికెట్ ప్రాణమైన మనిషికి కర్ణాటక సంగీతం ప్రశ్న పడొచ్చు. సంగీతం టీచరుకు ఐపీఎల్ ప్రశ్న పడొచ్చు. ప్రశ్న పడటంలో గాలివాటం ఉంది. జవాబు చెప్పడంలో లేదు. ఈ రెంటినీ కలగాపులగం చేయడంలోనే ఉంది ఈ వాదన కిటుకంతా. చదివిన చాప్టర్ నుంచే ప్రశ్న పడిందని డిగ్రీ కుర్రాడు సంబరపడితే అతని డిగ్రీని లాటరీ అనం కదా.

దీనికంటే పెద్ద సంగతి ఒకటుంది, విమర్శించేవాళ్లు దాని జోలికే పోరు. 2000 జులైలో స్టార్ ప్లస్‌లో అమితాబ్ బచ్చన్‌తో మొదలైన 'కౌన్ బనేగా కరోడ్‌పతి' (కేబీసీ) బహుమతుల నిచ్చెననే తీసుకోండి. పద్నాలుగు ప్రశ్నలు దాటినవాడి చేతిలో 50 లక్షలు. ఆట ఆపేస్తే అవి అతనివే. పదిహేనోది ఒప్పయితే కోటి. తప్పయితే పదో మెట్టు దగ్గరున్న 3 లక్షల 20 వేలకు పడిపోతాడు. గణితం మాస్టారిని అడిగితే, జవాబు మీద 48 శాతానికి పైన నమ్మకముంటే ఆడటమే లాభమని తేలుస్తాడు. కానీ ఆ కుర్చీలో ఉన్నది లెక్కల పుస్తకం కాదు. ఇంటి అప్పున్న గుమస్తా. రానున్న 50 లక్షలకంటే చేజారబోయే 46 లక్షల 80 వేలు అతనికి బరువైనవి. అందరూ చూస్తుండగా, దీపాల వేడిలో అతను తేల్చుకోవలసిందేమిటి? "నాకు తెలుసు", "తెలిసినట్టే ఉంది", "ఎక్కడో విన్నాను". ఈ మూడూ లోపల దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. వాటిని విడదీయగలగడం ఆ ఆటలో అసలు విద్య. క్విట్ అన్న మనిషిని చూసి "పిరికివాడు" అనే ప్రేక్షకుడికి ఆ విద్య అబ్బలేదని మాత్రం చెప్పగలను.

ఇదే ఆట అమెరికా షోలో తొలి మిలియన్ డాలర్లు గెలిచిన జాన్ కార్పెంటర్ సంగతి చూడండి. 1999 నవంబరు. వృత్తిరీత్యా పన్నుల శాఖ ఉద్యోగి. చివరి ప్రశ్న దాకా ఒక్క లైఫ్‌లైన్ కూడా ముట్టుకోలేదు. చివరి ప్రశ్నకు తండ్రికి ఫోను చేశాడు. సాయం అడగడానికి కాదు, మిలియన్ డాలర్లు గెలవబోతున్నానని చెప్పడానికి! చెప్పి, గెలిచాడు. ఇందులో నక్కతోక ఎక్కడుందో చూపించండి.

2. "బిట్లు"

ఇది కాస్త గౌరవంగా ఎదుర్కోవలసిన వాదన. బిట్ బ్యాంకు చదువు మనల్ని ఎంత పాడుచేసిందో నాకూ తెలుసు. కానీ బిట్ చదివినవాడు వేరు, ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు వేరు. తేడా ఎక్కడ తెలుస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను.

ఫాస్టెస్ట్ ఫింగర్‌లో ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకోండి. ఆంధ్ర రాష్ట్ర అవతరణ, తొలి సార్వత్రిక ఎన్నికలు, రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక, రాజ్యాంగం అమలు. ఏది ముందో ఏది వెనకో వరుసగా పెట్టండి. బట్టీగాడు నాలుగు తేదీలు గుర్తు చేసుకుని, పోల్చుకుని, నొక్కాలి. ఈలోగా పక్కావిడ నొక్కేసింది. ఆమెకు తేదీలు రావు. కథ తెలుసు. రాజ్యాంగం లేనిదే ఎన్నికలు లేవు. ఎన్నికలతో వచ్చిన ప్రభుత్వం ఢిల్లీలో ఉండగానే పొట్టి శ్రీరాములు గారి దీక్ష, 1952 డిసెంబరులో ఆయన మరణం. ఆ దెబ్బకే ఆంధ్ర రాష్ట్రం. మనకిచ్చారు కదా, మాకూ ఇవ్వండని మిగతా భాషలవాళ్లు పట్టుబడితే సంఘం, దాని నివేదిక. ఇందులో బిట్ లేదు. ముందూ వెనకా ఉన్నాయి, కారణాలున్నాయి. చరిత్ర అంటే అదేనని స్కూల్లో చెప్పేవాళ్లే స్టూడియోలో కనిపిస్తే దాన్ని బిట్ అంటున్నారు.

ఇంకోటి. హిమాయత్ సాగర్ ఏ నది మీద ఉంది? హైదరాబాద్, జంట జలాశయాలు అని చదివినవాడు ఠక్కున మూసీ అంటాడు. తప్పు. ఉస్మాన్ సాగర్ మూసీ మీద, హిమాయత్ సాగర్ ఈసీ మీద. తేదీలూ పేర్లూ కంఠతా రాకపోయినా, లంగర్‌హౌస్‌లో బాపూఘాట్ అక్కడే ఎందుకుందని ఎప్పుడైనా ఆలోచించినవాడు ఈ ప్రశ్నలో పడడు. గాంధీజీ అస్థికలు సంగమంలో కలిపారు. సంగమమంటే రెండు నదులుండాలి. రెండో నది పేరు ఈసీ. 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య సలహా, ఆ తర్వాత కట్టిన రెండు జలాశయాలు అన్నీ ఆ పేరు చుట్టూ వచ్చి చేరతాయి. మనిషి ఊళ్లో తిరుగుతూ, పేపరు చదువుతూ, "ఇదేమిటి, ఇక్కడెందుకుంది" అని అడిగే అలవాటుతో పోగేసుకున్నది ఇది. దీనికి బిట్ అని పేరు పెడితే ఇక జ్ఞానమని దేన్ని పిలవాలో వాళ్లే చెప్పాలి.

ముక్కలు తెలిసినంత మాత్రాన ఆలోచన రాదు, నిజమే. ముక్కలే లేనివాడు దేంతో ఆలోచిస్తాడు?

3. ఫోను ఉందిగా

ఈ మాట అన్నవాళ్లు ఒక చిన్న సంగతి మరిచిపోతున్నారు. ఫోను ఆ షోలో మొదటినుంచీ ఉంది. ఫోన్ ఎ ఫ్రెండ్ లైఫ్‌లైన్ అదే. ముప్ఫై సెకన్లు. అందులో ప్రశ్న చదవాలి, ఆప్షన్లు చదవాలి, అవతలివాడి గొంతులో నమ్మకమెంతో పట్టుకోవాలి. ఎవరికి చేయాలన్నది ముందే ఆలోచించుకుని ఉండాలి. చరిత్రకు మేనమామ, క్రికెట్‌కు తమ్ముడు. అవతలి స్నేహితులు ఇంటర్నెట్‌లో వెతికి చెప్పడం ఎక్కువైపోయిందని అమెరికాలో 2010లో ఆ లైఫ్‌లైన్‌నే ఎత్తేశారు. అంటే, వెతికి చెప్పడం వేరు, తెలిసి చెప్పడం వేరని ఆ ఆట నిర్వాహకులు ఒప్పుకున్నట్టే.

ఇక యంత్రం. 2011 ఫిబ్రవరిలో ఐబీఎం వారి వాట్సన్ 'జెపర్డీ' షోలో ఇద్దరు మహామహులను ఓడించింది. వారిలో కెన్ జెన్నింగ్స్ 2004లో వరసగా 74 ఆటలు గెలిచినవాడు. యంత్రానికి 77 వేల డాలర్లకు పైగా వస్తే అతనికి 24 వేలు. క్విజ్ అక్కడితో చచ్చిపోవాలి, ఈ వాదన నిజమైతే. చావలేదు. 2019లో జేమ్స్ హోల్జావర్ 32 ఆటలు, ఆ తర్వాత ఎమీ ష్నైడర్ 40 ఆటలు గెలుస్తుంటే జనం విరగబడి చూశారు. యంత్రానికి తెలుసా అన్నది కాదు, మనలాంటి మనిషికి తెలుసా అన్నది చూడటానికి కూర్చున్నారు వాళ్లు.

వాట్సన్ ఆడిన ఆ పోటీలో మొదటి ఆట చివరి ప్రశ్న మాత్రం నాకు భలే ఇష్టం. విభాగం పేరు అమెరికా నగరాలు. ఒక విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు, రెండోదానికి ఆ యుద్ధంలోని పోరాటం పేరు ఉన్న నగరమేది? మనుషులిద్దరూ షికాగో అని రాశారు. వాట్సన్ టొరంటో అంది! కెనడాలో ఉన్న టొరంటో. పక్కన ఐదు ప్రశ్నార్థకాలు పెట్టి, 947 డాలర్లే పందెం కాసింది. ఒప్పుకోవలసిందే, ఆ ఐదు ప్రశ్నార్థకాల్లో యంత్రం మర్యాద ఉంది. తనకు సరిగ్గా తెలియదని దానికి తెలిసింది. ఫోను చూసి మాట్లాడే మన పెద్దమనుషులకు ఆ పాటి అనుమానం కూడా ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నూ నమ్మి పదిమందికి పంపేవాడి జేబులోనూ అదే ఫోనుంది. అతనికి వెతికే సాధనం తక్కువ కాలేదు. "ఇది అలా ఉండటానికి వీల్లేదే" అని అనుమానం పుట్టించే కాస్త జీకే తక్కువైంది.

4. జూదమట

చట్టమే అంది కదా అంటారు. 1961 ఆదాయపు పన్ను చట్టం లాటరీ, గుర్రప్పందెం, పేకాట, టీవీ గేమ్ షో బహుమతులు అన్నిటినీ ఒకే గాటన కట్టి 30 శాతం పన్ను వేసింది. సర్‌చార్జీ, సెస్సు కలిపితే కోటిలో మూడో వంతుకు పైనే పోతుంది. నిజమే. అదే గాటన క్రాస్‌వర్డ్ పజిల్‌ను కూడా కట్టింది. పేపర్లో గళ్ల నుడికట్టు నింపే రిటైర్డ్ హెడ్మాస్టరు జూదరి అని ఎవరైనా అంటారా? పన్ను వేసేవాడికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందన్నదే ముఖ్యం, అది ఎలాంటి ఆట అన్నది కాదు. ఆట స్వభావం తేల్చేది కోర్టు. 1960ల చివర్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఏకంగా రమ్మీనే ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది. పేకముక్కలకు దక్కిన మర్యాద ప్రశ్నలకు దక్కదా?

అసలు జూదమంటే సొంత సొమ్ము ఒడ్డాలి. హాట్ సీట్‌లో ఉన్నవాడు ఇంటి నుంచి తెచ్చిన రూపాయి పోగొట్టుకోడు. ఒకచోట మాత్రం విమర్శకులతో చేతులు కలుపుతాను. షో మధ్యలో ఇంట్లో ప్రేక్షకుల కోసం పెట్టే ఎస్సెమ్మెస్ పోటీ ఉంటుంది చూశారా, "భారత జాతీయ పక్షి ఏది? ఎ: నెమలి, బి: కాకి" అన్న బాపతు. అది లాటరీయే. ప్రశ్న ఎవరినీ వడగట్టకపోతే మిగిలేది డ్రా తియ్యడమే. దాన్ని ఎత్తేయమనండి, నేనూ సంతకం పెడతాను. కానీ ఆ సందులోంచి దూరి మొత్తం ఆటను జూదమనడం అన్యాయం.

గెలిచినవాళ్లు పాడైపోతారన్న బెదిరింపు ఒకటి. 2011లో కేబీసీలో ఐదు కోట్లు గెలిచిన బీహార్ కుర్రాడు సుశీల్ కుమార్ పేరు దీనికి పెట్టుబడి. నెలకు ఆరు వేల జీతం మీద బతికిన కంప్యూటర్ ఆపరేటర్. ఆ డబ్బు తర్వాత మోసపోయిన వైనం, వ్యసనాలు, ఇంట్లో గొడవలు ఆయనే బహిరంగంగా రాసుకున్నాడు. చదివితే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆయన్ని చెడగొట్టింది ప్రశ్నలా, డబ్బా, డబ్బు వాసనకు మూగిన మనుషులా? భూముల ధరలు పెరిగి రాత్రికి రాత్రి కోటీశ్వరులైనవాళ్ల ఇళ్లలో హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్ని ఇలాంటి కథలు లేవు! పొలం అమ్మడాన్ని ఎవరూ జూదమనలేదే. రెండో పక్క ఉదాహరణ ఎవరూ చెప్పరు. 2001లో కేబీసీ జూనియర్‌లో పద్నాలుగేళ్ల వయసులో పదిహేను ప్రశ్నలకూ జవాబు చెప్పిన రవి మోహన్ సైనీ ఎంబీబీఎస్ చదివి, తర్వాత ఐపీఎస్ అయ్యాడు.

5. అంతా నాటకమే

మోసాలు జరిగాయి. దాచవలసిన పని లేదు. 1956లో అమెరికాలో 'ట్వంటీ వన్' అనే షోలో హెర్బ్ స్టెంపెల్ అనే పోటీదారుడిని ఓడిపొమ్మని నిర్మాతలే ఆదేశించారు. 1955కు ఉత్తమ చిత్రం ఆస్కార్ ఏ సినిమాకు వచ్చిందన్న ప్రశ్నకు 'మార్టీ' అన్న జవాబు తెలిసీ వేరే పేరు చెప్పాడు. పాపం, 'మార్టీ' ఆయనకు ఎంతో ఇష్టమైన సినిమా. గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు తప్పు ఒప్పుకున్నాడు. 1960లో క్విజ్‌ను ముందే కుమ్మక్కుగా నడపడం నేరమని చట్టమే వచ్చింది. బ్రిటన్‌లో ఒక సైనికాధికారి దగ్గుల సైగలతో మిలియన్ పౌండ్లు కొట్టేయబోయాడని 2003లో కోర్టు దోషిగా తేల్చింది.

ఇవి నాకు వ్యతిరేకంగా చెప్పే సాక్ష్యాలని వాళ్ల నమ్మకం. నాకైతే అనుకూలంగానే కనిపిస్తున్నాయి. టీవీ సీరియల్లో అత్తగారి కుట్ర రచయిత రాసిందేనని ఎవరూ కోర్టుకెక్కరు. క్విజ్‌లో జవాబు ముందే చెప్పారంటే దేశమంతా మండిపడి చట్టం తెచ్చుకుంది. ఎందుకు? అక్కడ తెలివి నిజంగా పోటీ పడుతోందని జనం నమ్మారు కాబట్టి. దొంగ నోటు ఉందంటే అసలు నోటు ఉందనే అర్థం.

మన షోల్లో నాటకం లేదనడం లేదు. ఉంది, ఎక్కువే ఉంది. పోటీదారుడి పేదరికాన్ని సన్నటి వయొలిన్ సంగీతం మీద పది నిమిషాలు చూపిస్తారు. షో నడిపే హీరోగారి కొత్త సినిమా ముచ్చట్లు, అభిమానుల కేకలు. లాక్ చేసిన జవాబు తప్పో ఒప్పో చెప్పేలోపు ఒక ప్రకటనల గుత్తి. సినిమా ప్రశ్నల పాలు మరీ ఎక్కువ. ఈ చెత్తంతా తీసేస్తే గంట షో అరగంటకు తగ్గుతుంది, బాగుపడుతుంది కూడా. కానీ ఆ కన్నీళ్లు నాటకమైతే కానీండి, ప్రశ్నకు చెప్పిన జవాబు నాటకం కాదు.

6. అసలు గుట్టు

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. రేడియోలో వచ్చిన బోర్న్‌విటా క్విజ్ విన్నవాళ్లు, 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు నడిపిన 'క్విజ్ టైమ్' చూసినవాళ్లు ఇప్పటికీ వాటిని తలుచుకుని మురిసిపోతారు. అప్పుడు ఎవరూ అదృష్టమనలేదు, బిట్లు అనలేదు. మంచి కాలేజీల పిల్లలు, మంచి ఇంగ్లీషు. అదే సిద్ధార్థ బసు బృందం 2000లో కేబీసీని తయారుచేసి, క్విజ్‌ను హిందీలోకి, బీహార్ గుమస్తా దాకా తీసుకుపోయింది. 2014లో 'మీలో ఎవరు కోటీశ్వరుడు'తో నాగార్జున, 2021లో 'ఎవరు మీలో కోటీశ్వరులు'తో జూనియర్ ఎన్టీఆర్ అదే ఆటను తెలుగులో పెట్టారు. తెలుగు మీడియం టీచరు, బీడీలు చుట్టే ఇంటి పిల్ల, డ్యూటీ దిగి వచ్చిన పోలీసు ఆ కుర్చీలో కూర్చోవచ్చని తేలింది. 2021లో కోటి గెలిచింది తెలంగాణ పోలీసు శాఖలో ఒక సబ్-ఇన్‌స్పెక్టరే. సరిగ్గా అప్పటినుంచే క్విజ్ అంటే అదృష్టమైపోయింది. ఇంగ్లీషులో గెలిస్తే మేధ, తెలుగులో గెలిస్తే నక్కతోక!

దీనికి రుజువు కావాలంటే స్టూడియో దాకా పోనక్కర్లేదు. సాయంత్రం హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీకో, అశోక్‌నగర్ సందుల్లోకో వెళ్లండి. వేలమంది పిల్లలు ఇరుకు గదుల్లో ఉంటూ ఏం చదువుతున్నారు? తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 150 ప్రశ్నలు, మొత్తం 600. ప్రతిదానికీ నాలుగు ఆప్షన్లు. సివిల్స్ ప్రిలిమ్స్ జీఎస్ పేపరులో వంద ప్రశ్నలు, తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత. హిమాయత్ సాగర్ ఏ నది మీద ఉందో అక్కడా అడగొచ్చు. ఆ పరీక్షకు అప్పు చేసి మరీ కొడుకును పంపిన తండ్రి, ఇంట్లో ఆ అబ్బాయి క్విజ్ షో చూస్తుంటే ఏమంటాడో తెలుసుగా: "ఒరేయ్, ఆ అదృష్టం ఆట కట్టేసి బిట్ బ్యాంకు తియ్యరా!" అదే ప్రశ్న, అవే నాలుగు ఆప్షన్లు. ఓఎంఆర్ షీటు మీద దిద్దితే ప్రతిభ. టీవీలో లాక్ చేయించుకుంటే గాలివాటం. పైగా షోలో జవాబు తెలియకపోతే ఆపేసి వెళ్లిపోవచ్చు, ఎందుకు ఆపాడో అందరూ చూస్తారు. పరీక్ష హాల్లో ఎవడు తెలిసి దిద్దాడో, ఎవడు గుడ్డిగా దిద్దాడో ఎవరికీ తెలియదు.

కాబట్టి క్విజ్‌లో గెలిచింది అదృష్టమేనని ఇంకా అనాలనిపిస్తే నిరభ్యంతరంగా అనండి. కాకపోతే వరస ప్రకారం రండి. ముందు గ్రూప్-2 ఫలితాలు వచ్చిన రోజు, ర్యాంకు కొట్టి డిప్యూటీ తహసీల్దారైన అబ్బాయి ఇంటికి వెళ్లి, స్వీటు బాక్సు అందుకుని, వాళ్ల నాన్నగారి ఎదుటే "మీవాడు నక్కతోక తొక్కాడండీ" అని చెప్పి రండి. ఆ తర్వాత హాట్ సీట్ సంగతి మాట్లాడుకుందాం.